సెంటు నేల మీద ఎన్ని గడపలు?



ఈవేళ మనం ముచ్చటించుకోబోయేది వంటింటి విషయం కాదు, పిల్లల పెంపకమూ కాదు. ఇంటి ఖరీదు గురించి. ఊళ్లో ఇళ్లు ఒత్తుగా పెరిగిపోతూ ఉంటే మన ఇంటి విలువ పెరుగుతుందా, తగ్గుతుందా? ఇదీ ప్రశ్న.

“అదంతా మగవాళ్ల లెక్కలండీ, మనకెందుకు?” అంటారు కొందరు. మనకే ఎక్కువ కావాలంటాను నేను. రోజంతా ఆ ఇంట్లో ఉండేది మనం. అమ్మితే సామాను సర్దుకుని కదలవలసింది మనం. పుట్టింటి వాటా కింద వచ్చిన నాలుగు సెంట్లు అమ్మేసి పట్నంలో ఫ్లాటు కొందామని మాట వచ్చిననాడు దస్తావేజు మీద సంతకం పెట్టవలసిందీ మనమే. తెలియక పెట్టే సంతకం కన్నా తెలిసి పెట్టేది మేలు కదా.

మాది అంతర్వేది. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటు. మా కోనసీమలో ఇల్లంటే చుట్టూ కొబ్బరిచెట్లు, నాలుగు అరటిబోదెలు, పెరట్లో నుయ్యి. ఇల్లు ఒక పాలు, దొడ్డి పది పాళ్లు. అక్కడ నేలను సెంట్లలో కొలుస్తాం. వంద సెంట్లు ఒక ఎకరం. పట్నంలో గజాల్లో కొలుస్తారు. సెంటు అంటే 48.4 చదరపు గజాలు. ఈ అంకె ఒక్కటి గుర్తుంచుకోండి, చివర్లో దీనితో మనకు పని ఉంది.

ముందు “నడిమి ధర” అంటే ఏమిటో చూద్దాం. పేపర్లలో “ఫలానా నగరంలో ఇళ్ల ధర ఇంత పెరిగింది, అంత తగ్గింది” అని రాస్తూ ఉంటారు. లెక్కల వాళ్లు దానికి రెండు పద్ధతులు వాడతారు. ఒకటి సగటు, రెండోది మధ్యగతం. సగటు మనందరికీ తెలిసిందే, మొత్తం కూడి సంఖ్యతో భాగించడం. మధ్యగతం అంతకన్నా తేలిక. దింపు తీసిన కొబ్బరికాయలు తొమ్మిది తెచ్చి, చిన్నకాయ మొదలుకొని పెద్దకాయ దాకా వరసగా పేర్చండి. సరిగ్గా నడుమ ఉన్న అయిదో కాయ ఉందే, అదే మధ్యగతం. ఇళ్లను కూడా అలాగే ధర ప్రకారం వరసలో నిలబెడితే నడుమ వచ్చే ఇంటి ధరే ఆ ఊరి నడిమి ధర. ఊళ్లో ఒక్క పెద్ద బంగళా ఉంటే సగటు అమాంతం పైకి లేస్తుంది గాని నడిమి ధర చలించదు. అందుకే మామూలు మనిషి కొనగలిగే ఇల్లెంతో తెలియాలంటే నడిమి ధరే నయం.

నయమేగాని, అందులో ఒక తిరకాసుంది. ఒక లెక్క వేసి చూద్దాం. ఇది ఊహకే సుమండీ.

ఒక వీధిలో అయిదు ఇళ్లున్నాయనుకోండి. వాటి ధరలు 70 లక్షలు, 80 లక్షలు, 90 లక్షలు, కోటి, కోటిన్నర. నడిమి ధర ఎంత? 90 లక్షలు. ఆ 90 లక్షల ఇంటివారు పాత పెంకుటిల్లు పడగొట్టించి స్థలాన్ని బిల్డరుకిచ్చారు. ఎనిమిది ఫ్లాట్లు లేచాయి. ఒక్కొక్కటి 45 లక్షలు. ఇప్పుడా వీధిలో గడపలు అయిదు కావు, పన్నెండు. వరసలో పెట్టండి. మొదటి ఎనిమిదీ 45 లక్షలవే. ఆ తర్వాత 70, 80, కోటి, కోటిన్నర. నడుమ వచ్చేవి ఆరోది, ఏడోది. రెండూ 45 లక్షలే. అంటే నిన్న 90 లక్షలున్న నడిమి ధర ఇవాళ 45 లక్షలైంది. సగానికి సగం పడిపోయింది!

పక్కింటి పిన్నిగారు గుండె బాదుకుంటారు. “చూశావుటమ్మా, ఎదురుగా అపార్టుమెంటు కట్టారు, మన వీధి రేటు పడిపోయిందిట!”

ఆవిడ ఇంటి ధర ఏమైనా తగ్గిందా? ఒక్క రూపాయి తగ్గలేదు. ఎవరూ నష్టపోలేదు. పైగా 90 లక్షల స్థలం మీద ఇప్పుడు 3 కోట్ల 60 లక్షల విలువైన ఫ్లాట్లున్నాయి. బిల్డరుతో చెరిసగం ఒప్పందమైతే స్థలం యజమానికి నాలుగు ఫ్లాట్లు, అంటే కోటీ ఎనభై లక్షలు. ఇది చూసిన ఇంకో బిల్డరు పిన్నిగారి గుమ్మంలోకే వచ్చి “మీ స్థలం ఇస్తారాండీ?” అని అడుగుతాడు. ఆవిడ నేల ధర పెరిగిందన్నమాట. అటు 45 లక్షలు మాత్రమే కూడబెట్టుకున్న చిన్న ఉద్యోగస్థుల కుటుంబాలు ఎనిమిదింటికి ఆ వీధిలో నీడ దొరికింది. నిన్నటిదాకా వాళ్లకి ఆ వీధి గుమ్మం ఎక్కే యోగమే లేదు.

ఇక్కడే ఉంది కీలకమంతా. ఇళ్లు ఒత్తుగా పెరిగితే నేల ధర పెరుగుతుంది, గడప ధర తగ్గుతుంది. రెండూ ఒకేసారి జరుగుతాయి. వార్త ఏ ధర గురించి చెబుతోందో, మన చేతిలో ఉన్నది నేలో గడపో, ఈ రెండూ చూసుకున్నాకే సంతోషించడమైనా, దిగులుపడడమైనా.

“అయితే మరి, జనం కిక్కిరిసిన పట్నాల్లోనే ఇళ్లు ఖరీదెక్కువ కదా? పల్లెల్లో చవక కదా?” అని మీరడగవచ్చు. నిజమే. 2011 జనాభా లెక్కల్లో హైదరాబాదు జిల్లాలో చదరపు కిలోమీటరుకు 18 వేల పైచిలుకు జనం ఉన్నారు. అప్పటి మా తూర్పు గోదావరి జిల్లాలో 477 మంది. ఇంటి ఖరీదుల్లోనూ ఆ తేడా ఉంది. కాని జనం ఒత్తుగా ఉండడం వల్లనే ధర పెరిగిందనుకుంటే పొరపాటు.

మా అంతర్వేది తీర్థమే తీసుకోండి. మాఘమాసంలో లక్ష్మీనరసింహస్వామివారి కల్యాణం, భీష్మ ఏకాదశినాడు రథోత్సవం. ఆ నాలుగు రోజులూ ఊళ్లో గదికీ గిరాకీయే, అరుగుకీ గిరాకీయే. తీర్థం వెళ్లిపోయాక అదే గదిని అడిగే నాథుడుండడు. జనం వచ్చింది స్వామి కోసం. గది అద్దె పెరిగింది ఆయన సన్నిధి దగ్గరగా ఉన్నందుకు. పట్నంలోనూ అంతే, కాకపోతే అక్కడ తీర్థం ఏడాది పొడుగునా ఉంటుంది. ఉద్యోగం, కాలేజీ, ఆసుపత్రి, బస్సు, కుళాయి నీళ్లు, ఇవే అక్కడి దేవుళ్లు. వాటికోసం జనం వస్తారు. జనం వస్తే నేలకు గిరాకీ. నేల ఖరీదైతే దానిమీద అంతస్తులు. ఇళ్ల ఒత్తు అనేది కారణం కాదు, ఆ గిరాకీకి గుర్తు.

కూకట్‌పల్లిలో హౌసింగ్ బోర్డు కాలనీ చూసినవారికి ఇది కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. తక్కువ ఆదాయం వారికీ మధ్యతరగతి వారికీ అని వేరువేరుగా బోర్డు వారు అక్కడ చిన్నచిన్న ఇళ్లు కట్టి ఇచ్చారు. మొదట్లో అది ఊరికి దూరం. 1998 నవంబరులో మాదాపూరులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. చుట్టుపక్కల ఉద్యోగాలు వచ్చాయి. 2017 నవంబరులో మెట్రో రైలు వచ్చింది. ఒంటి అంతస్తు ఇళ్ల మీద మూడు, నాలుగు అంతస్తులు లేచాయి. వాటాలు, హాస్టళ్లు, కింద దుకాణాలు వెలిశాయి. ముందు ఉద్యోగం, ఆ వెనక జనం, ఆ వెనక అంతస్తులు. వరస గమనించారా?

ఒక్క ఒత్తే ధరను నిర్ణయించదనడానికి ఇంకో నిదర్శనం చూడండి. అదే హైదరాబాదులో జూబ్లీహిల్స్‌లో పెద్దపెద్ద స్థలాల్లో ఇళ్లు పలచగా ఉంటాయి, ఖరీదు ఆకాశంలో ఉంటుంది. పాతబస్తీ సందుల్లో ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి, అక్కడ ఆ ధర లేదు. విజయవాడ సంగతి మరొకటి. ఒకవైపు కృష్ణమ్మ, మరొకవైపు కొండలు, ఊరి నడుమ ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ. పక్కలకు పెరిగేందుకు సులువుగా చోటు లేదు. 2011లో సుమారు 62 చదరపు కిలోమీటర్ల కార్పొరేషను హద్దుల్లో పది లక్షల పైచిలుకు జనం సర్దుకున్నారు. కింద బందరు రోడ్డు పక్క గజం బంగారం. పైన కొండవాలులో మెట్లెక్కి, బిందె మోసుకుని చేరే ఇల్లు చవక. కొండ మీదా ఒత్తే, కొండ కిందా ఒత్తే. తేడా ఎక్కడుంది? దారిలోనూ, నీళ్లలోనూ.

కాబట్టి ఒత్తుల్లో రెండు రకాలున్నాయని గ్రహించాలి. ఒకే గదిలో పదిమంది సర్దుకోవడం ఒక రకం. ఒకే స్థలంలో పది గడపలు, ఎవరి గదులు వారికి, ఎవరి కుళాయి వారికి ఉండేలా పైకి కట్టుకోవడం రెండో రకం. మొదటిది ఇరుకు, రెండోది పొదుపు. ఇరుకు ఎంత కీడు చేస్తుందో హైదరాబాదు నగరానికి వందేళ్ల కిందటే తెలిసింది. 1908 సెప్టెంబరులో మూసీకి వరద వచ్చి ఊరిని ముంచేసింది. 1911లో ప్లేగు వచ్చింది. గాలీ వెలుతురూ లేని మురికివాడలను అలాగే వదిలేస్తే లాభం లేదని 1912లో నిజాం ప్రభుత్వం నగరాభివృద్ధికి ప్రత్యేకంగా ఒక బోర్డును ఏర్పాటు చేసింది. ఇరుకువాడలు తీసివేసి, వీధులు వెడల్పు చేసి, తక్కువ అద్దెకు ఇళ్లు కట్టించారు.

ఇక పైకి కట్టుకునే ఒత్తుకు ప్రభుత్వం పెట్టే నిబంధనలున్నాయి. స్థలానికి ఎన్ని రెట్లు కట్టుబడి చేయవచ్చో చెప్పే హద్దును ఎఫ్.ఎస్.ఐ. అంటారు. వంద గజాల స్థలంలో అన్ని అంతస్తులూ కలిపి 133 గజాలు మించి కట్టకూడదంటే ఎఫ్.ఎస్.ఐ. 1.33 అన్నమాట. బొంబాయిలో ఈ హద్దు 1964లో వచ్చింది. 1991లో దీవి నగరానికి 1.33 అని, శివార్లకు ఒకటి అని బిగించారు. మూడువైపులా సముద్రం, పైగా ఈ బిగింపు. గిరాకీ మాత్రం ఆగదు కదా! గడపలు గిరాకీకి చాలక, చిన్న వాటాకు కూడా పెద్ద డబ్బు పెట్టవలసి వచ్చింది.

హైదరాబాదులో 2006లో వచ్చిన 86వ నంబరు జీ.వో. ఈ హద్దును ఎత్తివేసింది. రోడ్డు వెడల్పు, స్థలం సైజు, చుట్టూ వదలవలసిన ఖాళీ చూసి ఎత్తు నిర్ణయిస్తారు. దక్కను పీఠభూమి, నాలుగువైపులా పెరిగే వీలుంది. అందుకే బొంబాయితో పోలిస్తే అక్కడ అదే డబ్బుకు విశాలమైన ఫ్లాటు దొరుకుతుంది. అయితే ఎన్ని అంతస్తులైనా వేయవచ్చంటే నేలకు రెక్కలొస్తాయి మరి. 2023 ఆగస్టులో కోకాపేటలో ప్రభుత్వం వేలం వేసినప్పుడు ఒక ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. ఎకరానికి 4,840 గజాలు. అంటే గజం రెండు లక్షల పైమాటే! అంత నేలధరను ఒక్క కుటుంబం మోయలేదు. దాన్ని అంతస్తుల మీద వందల కుటుంబాలకు పంచుతారు.

మన తెలుగు పిల్లలు ఎందరో స్థిరపడిన అమెరికాలోని హ్యూస్టన్ నగరంలోనూ ఇలాంటిదే జరిగింది. ఊరి నడిభాగంలో ఒక ఇంటికి 5,000 చదరపు అడుగుల స్థలం తప్పనిసరిగా ఉండాలన్న నిబంధన ఉండేది. 1998లో దాన్ని 1,400 అడుగులకు దించడానికి వీలు కల్పించారు. ఒక పాత ఇల్లుండే చోట మూడు సన్నని అంతస్తుల ఇళ్లు లేచాయి. ఒక్కరు మోసే నేలధర ముగ్గురికి పంచుబడింది. ఏ దేశమైనా సూత్రం ఒక్కటే.

మరి ఒత్తు పెరిగితే మన విలువ నిజంగా తగ్గే సందర్భాలు లేవా? లేకేం! గడపలు పెరిగి, వాటితో సమానంగా నీళ్లూ, మురుగు కాలువలూ, రోడ్లూ పెరగకపోతే తగ్గుతుంది. పక్క అపార్టుమెంటు వారు బోరు లోతుగా వేస్తే మన బోరు ఎండుతుంది. ట్యాంకరు కోసం బకెట్లతో నిలబడాలి. కిటికీకి ఎదురుగా గోడ లేస్తే పగలే దీపం వేసుకోవాలి. వడియాలు ఎండబెట్టుకునే ఎండ కూడా పోతుంది. మూసీ ఒడ్డున పుట్టిన హైదరాబాదుకు దాహం తీరక, నల్లగొండ వైపు నుంచి కృష్ణ నీరు, ఎల్లంపల్లి దగ్గర నుంచి మన గోదావరి నీరు గొట్టాలతో తెప్పించుకోవలసి వచ్చింది. నీళ్లు వచ్చిన పేటకే ధర వచ్చింది.

సరే, ఇదంతా తెలుసుకుని మనం చేయవలసిందేమిటి? నాలుగు మాటలు చెబుతాను.

మొదటిది. ఫ్లాటు కొనేటప్పుడు గదులెన్ని, చలవరాయి ఏ రంగు అని చూసేముందు, దస్తావేజులో మన పేర ఎంత నేల రాస్తున్నారో చూడండి. దానిని అవిభాజ్య వాటా అంటారు. అపార్టుమెంటు ఉన్న స్థలంలో అందరికీ కలిసి ఉండే భాగం అది. 400 గజాల స్థలంలో ఎనిమిది సమానమైన ఫ్లాట్లుంటే ఒక్కొక్కరికి 50 గజాలు. అదే స్థలంలో ఇరవై ఉంటే 20 గజాలే. గోడలు పాతబడతాయి, పెచ్చులూడతాయి. నేల పాతబడదు. నలభై ఏళ్ల తరువాత భవనం పడగొట్టి మళ్లీ కట్టవలసి వస్తే మిగిలేది ఆ వాటాయే.

రెండోది. చెప్పిన అడుగులన్నీ మన అడుగులు కావు. మెట్లు, లిఫ్టు, నడవా అన్నీ కలిపి 1,200 అడుగులంటారు. లోపలికి వెళ్లి కొలిస్తే చాలా తగ్గుతుంది. 2016లో వచ్చిన రెరా చట్టం ప్రకారం కార్పెట్ ఏరియా ఎంతో బిల్డరు స్పష్టంగా చెప్పాలి. బయటిగోడలు, బాల్కనీ పోగా లోపల మనం వాడుకునే నేలన్నమాట. ఆ అంకె అడిగి, దానితో ధరను భాగించి, రెండు మూడు చోట్ల పోల్చి చూడండి. కూరగాయల బజారులో తూకం చూడకుండా కొంటామా?

మూడోది. కొనే ముందు ఆ పేటకు ఎండాకాలంలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి వెళ్లిరండి. అక్కడి ఆడవాళ్లనే అడగండి. నీళ్లు ఎన్నాళ్లకొకసారి వస్తాయమ్మా, వాన పడితే వీధిలో ఎంతసేపు నిలుస్తుందమ్మా అని. ఇంకా ఎన్ని అపార్టుమెంట్లు లేస్తున్నాయో చూడండి. బిల్డరు చెప్పని సంగతి పొరుగింటి ఇల్లాలు చెబుతుంది.

నాలుగోది. పాత ఉమ్మడి ఇల్లు బిల్డరుకిచ్చే మాట వస్తే, ఎవరికి ఏ ఫ్లాటో, ఎప్పటికి ఇవ్వాలో, ఆలస్యమైతే అద్దె ఎవరు కట్టాలో రిజిస్టరైన ఒప్పందంలో రాయించుకోండి. వాటాదారుల్లో కూతుళ్లూ ఉంటారని మరవకండి. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైన సవరణ, హిందూ ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానమైన హక్కునిచ్చింది. అప్పటికే పెళ్లయినవారికి అది వర్తించలేదు. 2005లో దేశమంతటా వచ్చిన సవరణ పెళ్లయిన కూతుళ్లకూ ఆ హక్కు కల్పించింది. “ఊరికే ఒక సంతకమేనమ్మా” అని అన్నయ్య కాగితం తెచ్చినా, “చదివి పెడతానన్నయ్యా” అనడంలో తప్పులేదు. నేల ధర పెరిగేది సరిగ్గా అప్పుడే కదా, వదులుకునేదేమిటో తెలిసి వదులుకోవాలి.

ఇక మొదట గుర్తుంచుకోమన్న అంకె సంగతి. సెంటుకు 48.4 గజాలు. కోనసీమలో ఎకరం కొబ్బరితోట అమ్మి పట్నంలో ఒక ఫ్లాటు కొన్న కుటుంబాలున్నాయి. ఆ ఫ్లాటుకు అవిభాజ్య వాటా 40 గజాలైతే, వంద సెంట్లకు బదులు వారి పేర మిగిలిన నేల ఒక్క సెంటు కూడా కాదు! అది నష్టమని నేననను. పిల్లల చదువూ, ఉద్యోగమూ, పెద్దవాళ్లకు వైద్యమూ ఆ సెంటులోపు నేలను ఆనుకుని ఉన్నాయి. దాని ధర తోటను మించినా మించవచ్చు. కాని తోట ఏటా కాయలు దింపి ఇస్తుంది, ఫ్లాటు నెలనెలా నిర్వహణ ఖర్చు అడుగుతుంది. ఇది నేల, అది గడప. రెండింటినీ ఒకే త్రాసులో వేసి “ఇది ఎక్కువ, అది తక్కువ” అనేస్తే లెక్క తప్పుతుంది.

కనుక ఈసారి పేపరులో “ఇళ్ల ధర పడిపోయింది” అనో, “పెరిగిపోయింది” అనో పెద్ద అక్షరాలతో కనబడితే, కాఫీ చల్లారనివ్వకండి. గజం ధరా, గడప ధరా, సగటా, నడిమిదా అని మీ వారినే ఒకసారి అడిగి చూడండి. చెప్పలేకపోతే కొబ్బరికాయలు వరసగా పేర్చి మీరే చెప్పండి.